ఉగ్గాని, టీ, పదకొండు గంటల చిరాకు

మనసు హుషారుగా ఉండాలంటే ఏం తినాలని వెతికితే అన్నిచోట్లా ఒకటే జాబితా: డార్క్ చాక్లెట్, బ్లూబెర్రీలు, అవకాడో, చియా గింజలు, ఆపైన ఏదో ఒక పొడి డబ్బా. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో బతికే మనిషికి ఈ జాబితా పనికిరాదు. ధర గురించి మాత్రమే అనడం లేదు. మన దగ్గర తిండి వల్ల మనసు కుంగడానికి కారణాలు వేరే ఉన్నాయి. పొద్దున తినేదాంట్లో ప్రొటీన్ ఉండదు. ఒంట్లో ఐరన్, విటమిన్ బి12 అడుగంటి ఉంటాయి. ఇంట్లో వండే మనిషి అందరికంటే ఆఖర్న, ఆలస్యంగా, మిగిలింది తింటుంది. లోటు ఉన్నచోట దాన్ని పూడిస్తే మనసు తేరుకుంటుంది. లోటు లేనిచోట ఎంత ఖరీదైన గింజ తిన్నా ఒరిగేది తక్కువ. నా వాదన మొత్తం ఇదే.

ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా బృందం 2017లో ప్రచురించిన స్మైల్స్ అనే పరీక్ష సంగతి చూడండి. డిప్రెషన్ ఉన్న 67 మందిని తీసుకున్నారు. అందరి తిండీ మొదట్లో అధ్వానంగా ఉన్నదే. చాలామంది అప్పటికే మందులో కౌన్సెలింగో తీసుకుంటున్నవాళ్లు. ఒక గుంపుకి 12 వారాలపాటు డైటీషియన్ దగ్గరుండి పప్పులు, కూరగాయలు, పొట్టు తీయని ధాన్యాలు, చేపలు, గింజలు అలవాటు చేసింది. రెండో గుంపుకి కూర్చుని మాట్లాడే తోడు ఇచ్చారు. తిండి మార్చినవాళ్లలో 32 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు, రెండో గుంపులో 8 శాతం. చిన్న పరీక్ష, పైగా తాము ఏ గుంపులో ఉన్నామో వాళ్లకు తెలుసు. కాబట్టి ఆ అంకెల్ని మరీ కళ్లకద్దుకోనక్కర్లేదు.

దీనికి ఎదురు నిలిచే పరీక్షలూ ఉన్నాయి. యూరప్‌లో 1025 మందితో చేసి 2019లో ప్రచురించిన మూడ్‌ఫుడ్ పరీక్షలో, బరువు ఎక్కువుండి మనసు కొంత దిగులుగా ఉన్నవాళ్లకు ఏడాదిపాటు ఒమేగా-3, విటమిన్ డి, ఫోలిక్ యాసిడ్ లాంటివి కలిపి ఇచ్చారు. డిప్రెషన్ రావడం తగ్గలేదు. తిండి అలవాట్ల కౌన్సెలింగ్ ఇచ్చినా తగ్గలేదు. అమెరికాలో 50 ఏళ్లు పైబడిన 18 వేల మందికి పైగా మనుషులకు రోజుకు 2000 యూనిట్ల విటమిన్ డి అయిదేళ్లు ఇచ్చి 2020లో ఫలితం చెప్పారు: డిప్రెషన్‌ను ఆపడంలో మందు లేని ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా లేదు. ఈ రెండు పరీక్షల్లోనూ లోటు ఉన్నవాళ్లను ఏరి తీసుకోలేదు. నిండు బానలో ఇంకో చెంబు పోస్తే పొర్లిపోతుంది, అంతే. కాబట్టి ముందు తెలుసుకోవలసింది మన బాన ఎక్కడ ఖాళీగా ఉందో.

పొద్దున ప్లేటు

ఎనిమిదింటికి ఒక ప్లేటు ఉగ్గాని, అంటే తడిపిన బొరుగుల తాలింపు, రెండు మిరపకాయ బజ్జీలు, ఒక చక్కెర టీ. కర్నూలులో, అనంతపురంలో ఏ వీధి చివర చూసినా ఇదే. లెక్క వేస్తే ప్లేటులో బొరుగులు 60 గ్రాములు ఉంటాయి, వాటిలో ప్రొటీన్ నాలుగున్నర గ్రాములు. బజ్జీ మీద పూతగా ఉన్న శనగపిండిని కలిపినా మొత్తం ఎనిమిది దాటదు. బొరుగులంటే ఒకసారి ఉడికి, ఎండి, మళ్లీ వేడికి పొంగిన బియ్యం. అరగడానికి అందులో మిగిలిన పని చాలా తక్కువ. రక్తంలో చక్కెర గంటలోపే ఎగబాకుతుంది, దాన్ని దింపడానికి ఇన్సులిన్ వస్తుంది, కొందరిలో తిన్న రెండు నుంచి నాలుగు గంటల మధ్య చక్కెర మొదట ఉన్నదానికంటే కిందికి జారుతుంది. బ్రిటన్, అమెరికాల్లో వెయ్యిమందికి పైగా మనుషులకు గ్లూకోజ్ సెన్సర్లు పెట్టి చూసిన పరిశోధన ఒకటి 2021లో వచ్చింది. ఈ జారుడు ఎక్కువున్నవాళ్లకు ఆకలి త్వరగా వేసింది, రోజు మొత్తమ్మీద వాళ్లు ఎక్కువ తిన్నారు. చక్కెర బాగా జారినప్పుడు శరీరం అడ్రినలిన్ వదులుతుంది. చెయ్యి వణకడం, గుండె దడ, కారణం లేని కోపం అక్కడినుంచే. పదకొండింటికి ఆఫీసులోనో అంగట్లోనో పక్కమనిషి మీద విసుక్కుని, అది తన స్వభావమే అనుకునేవాళ్లు ఎంతమందో. అప్పుడు ఇంకో చక్కెర టీ తాగుతారు, మళ్లీ అదే చక్రం.

ఉగ్గాని మానెయ్యమని చెప్పను. మానరు, మానాల్సిన పనీ లేదు. కొలతలు మార్చాలి. ఒక మనిషికి బొరుగులు 50 గ్రాములు, చెనిక్కాయ (వేరుశనగ) విత్తనాలు 30 గ్రాములు అంటే ఒక గుప్పెడు, పప్పుల (పుట్నాల) పొడి 20 గ్రాములు అంటే రెండు పెద్ద చెంచాలు నిండుగా, బజ్జీల బదులు ఒక ఉడికిన గుడ్డు. ప్రొటీన్ 20 గ్రాములు దాటుతుంది. గుడ్డు తినని ఇంట్లో అదే చోట ఒక కప్పు గట్టి పెరుగు, 200 గ్రాములు. చెనిక్కాయ విత్తనాలు ముందుగా నూనెలో చిటపటలాడి మచ్చలు పడేదాకా వేయించి, ఆ తర్వాతే ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), పచ్చిమిరపకాయలు, టమాటా వెయ్యాలి. చివర్లో వేస్తే మెత్తబడి ఎవరూ నమలరు, ప్లేటు అంచున మిగిలిపోతాయి. బొరుగులు నీళ్లలో ముంచి నిమిషం లోపే గట్టిగా పిండి తియ్యాలి. పప్పుల పొడి పొయ్యి ఆర్పే ముందు చల్లాలి, ముందే వేస్తే తడి పీల్చుకుని అడుగంటుతుంది. నిమ్మరసం మాత్రం దించాకే. వేడికి విటమిన్ సి పోతుంది, రుచి కూడా చేదెక్కుతుంది.

కడప, ప్రొద్దుటూరు వైపు ఎర్రకారం దోసెకూ ఇదే మాట. హోటల్లో పిండి తెల్లగా, పలచగా రావాలని మినప్పప్పు తగ్గిస్తారు. ఇంట్లో బియ్యం రెండు గ్లాసులకు మినప్పప్పు ఒకటి, అలసందలు ఒకటి నానబెట్టి రుబ్బితే దోసె కొంచెం మందంగా వస్తుంది, మధ్యాహ్నం దాకా ఆకలి ఆగుతుంది.

చెనిక్కాయలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. వాన మొహం చాటేసిన ఏడాది పంట చివర్లో కాయకు బూజు పట్టడం మన నేలల్లో ఎక్కువ. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, కొరికితే చేదుగా తగిలేవి ఏరి పారెయ్యండి. వేయించినంత మాత్రాన ఆ బూజు విషం పూర్తిగా పోదు.

సంగటికి మహిమ అంటగట్టొద్దు

ఈ మధ్య కొర్రలు, రాగులు తింటే డిప్రెషన్ పోతుందని కూడా చెబుతున్నారు. అది నిజం కాదు. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు 350 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, పీచు ఉంటుంది, మెగ్నీషియం ఉంటుంది. ఇవన్నీ మంచివే. కానీ పిండి ఎంత మెత్తగా పట్టిస్తే అంత త్వరగా అది చక్కెరగా మారుతుంది. సంగటి ముద్దను పలచటి చారుతో మింగినవాడికీ తెల్లన్నం తిన్నవాడికీ పెద్ద తేడా ఉండదు. సంగటి బలం దాని పక్కన ఏముందో దాంట్లో ఉంది: ఉలవకట్టు, పప్పు, చెనిక్కాయల ఊరిమిండి, పుల్లగూర, నాటుకోడి పులుసు. మన పెద్దవాళ్లు సంగటిని ఒంటరిగా తినలేదు.

సరిగ్గా వండితే కడుపు బరువు లేకుండా నాలుగైదు గంటలు నిలుస్తుంది. ఒక గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, నాలుగున్నర గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించాలి. అందులోంచి ఒక గరిటెడు గంజి తీసి పక్కన పెట్టుకోవాలి. ఒకటింబావు గ్లాసు రాగిపిండిని మధ్యలో కుప్పగా పొయ్యాలి, కలపకూడదు. మూతపెట్టి సన్నమంట మీద ఎనిమిది, పది నిమిషాలు మగ్గనిచ్చి, దించి, కట్టెతో ఒకే ఊపున గెలకాలి. గట్టిగా ఉంటే తీసిపెట్టిన గంజి పొయ్యాలి. పిండి పోసిన వెంటనే గెలికితే ఉండలు కడతాయి, ఉండల లోపల పిండి పచ్చిగా ఉంటుంది. సంగటి తిన్నాక కడుపుబ్బరం అని చెప్పేవాళ్ల ఇంట్లో తొందరపడే చెయ్యి ఒకటి ఉంటుంది. రాత్రి మిగిలిన ముద్దను పొద్దున మజ్జిగలో పిసికి తినడం మంచి అలవాటు. చల్లారిన పిండిపదార్థంలో కొంత భాగం అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి సూక్ష్మజీవులకు మేత అవుతుంది. దాంతోపాటు ఒక పచ్చి ఎర్రగడ్డ, ఒక గుప్పెడు చెనిక్కాయలు ఉంటే మరీ మేలు.

పేగుల మాట వచ్చింది కాబట్టి: శరీరంలోని, మనసు స్థితితో ముడిపడ్డ రసాయనమైన సెరొటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుందన్నది నిజం. అది అక్కడినుంచి మెదడుకు వెళ్లి మనసును మారుస్తుందన్నది మాత్రం నిజం కాదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డును అది దాటలేదు. మెదడు తన సెరొటోనిన్‌ను తానే చేసుకుంటుంది. అలా చేసుకోవడానికి ట్రిప్టోఫాన్ అనే ముడిసరుకు కావాలి, ఆ పని నడిపించే ఎంజైముకు ఐరన్ కావాలి. హుషారుకు సంబంధించిన డోపమిన్ తయారీలోనూ ఐరన్ లేనిదే పని జరగదు. అసలు సమస్య అక్కడే ఉంది.

ఆఖర్న తినే మనిషి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. వాళ్లు డాక్టర్‌తో రక్తం తక్కువైందని చెప్పరు. ఏ పనీ చెయ్యబుద్ధి కావడం లేదు, పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను, పడుకున్నా అలసట తీరడం లేదు, మెట్లెక్కితే ఆయాసం అంటారు. ఇంట్లోవాళ్లు దానికి ఒళ్లుబద్ధకం అనో, మనసు బాగాలేదనో పేరు పెడతారు. ఫ్రాన్స్‌లో ఐరన్ నిల్వలు తక్కువుండి ఇంకా రక్తహీనత దాకా రాని 198 మంది ఆడవాళ్లకు 12 వారాలు రోజుకు 80 మిల్లీగ్రాముల ఐరన్ ఇచ్చి 2012లో ఫలితాలు ప్రకటించారు. అలసట స్కోరు దాదాపు సగం తగ్గింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో మూడో వంతు కూడా తగ్గలేదు. డిప్రెషన్, ఆందోళన స్కోర్లలో మాత్రం తేడా రాలేదు. ఐరన్ అలసటను తీస్తుంది, డిప్రెషన్‌కు మందు కాదు. అయితే ఒంట్లో సత్తువ లేక వచ్చే నిరుత్సాహాన్ని మనసు జబ్బు అని పొరబడే ఇళ్లు మన చుట్టూ చాలా ఉన్నాయి. అందుకే ఈ తేడా తెలియాలి.

జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి, మగవాళ్లకు 19. ఇప్పుడు ఒక మామూలు ఇంటి పొద్దు చూడండి. ఆరింటికి ఉత్త కడుపుతో టీ. పిల్లలకు డబ్బాలు కట్టి, భర్తకు వడ్డించి, అత్తమామలకు పెట్టి, పదిన్నరకు ఆమె కూర్చుంటుంది. అప్పటికి పప్పు అడుగున నీళ్లు, గుడ్డు పిల్లలకు పోయింది, కూరలో ముక్కలు లేవు. అన్నం, చారు, ఊరగాయ తిని, వెంటనే ఇంకో టీ. భోజనంతో పాటు తాగిన టీ ధాన్యాలు, పప్పుల్లోని ఐరన్ ఒంటబట్టడాన్ని సగానికి పైగా తగ్గిస్తుంది. తిన్నదే తక్కువ, దాంట్లో సగం టీ పట్టుకుపోతుంది. మనసును హుషారుచేసే తిండి గురించి రాసేవాళ్లు ఈ పదిన్నర గంటల ప్లేటు గురించి ఎందుకు రాయరో నాకు అర్థం కాదు. పదార్థం మార్చడం కంటే వరస మార్చడం ముఖ్యం. వంట దించగానే, ఎవరికీ వడ్డించకముందే, ఆమె వంతు పప్పు, కూర, గుడ్డు ఒక గిన్నెలో తీసి మూతపెట్టాలి. ఆ పని ఆమె చెయ్యదు, భర్తో పెద్దపిల్లలో చెయ్యాలి. ఎనిమిదిన్నరకల్లా ఆమె తినాలి.

ఐరన్ కోసం ఇంట్లో ఉన్నవే చాలు. ఉలవల్లో 100 గ్రాములకు దాదాపు 9 మిల్లీగ్రాములు, సజ్జల్లో ఆరు దాటి ఉంటుంది. ఉలవకట్టు పలచగా తాగి గుగ్గిళ్లు గొడ్లకు పెట్టే ఇళ్లలో ఐరన్ ఎక్కువ భాగం గొడ్లకే పోతోంది. ఆ గుగ్గిళ్లు తాలింపు పెట్టుకుని తినండి. పక్కన విటమిన్ సి ఉండాలి: నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ, అనంతపురం చీనీకాయ. చీనీ రసం కంటే తొనలు మేలు, చక్కెర కలపొద్దు. పులుపు ఉన్న కూరలు ఇనుప మూకుట్లో వండితే కొంత ఐరన్ కూరలోకి దిగుతుంది. వండగానే వేరే గిన్నెలోకి తియ్యాలి, లేకుంటే నల్లబడి లోహపు రుచి వస్తుంది. టీ భోజనానికి గంట ముందో గంట తర్వాతో. శని, సోమవారాలు ఒక్కపొద్దు ఉండే ఆడవాళ్లు హిమోగ్లోబిన్ తక్కువుంటే ఆ రోజు టీలతో నెట్టుకురాకుండా పాలు, నానబెట్టిన చెనిక్కాయలు, పండ్లు తీసుకుంటే వ్రతం చెడదు.

రాగులు మొలకెత్తించుకుంటే ఐరన్ ఒంటబట్టడానికి అడ్డుపడే ఫైటేట్లు, టానిన్లు అనే పదార్థాలు తగ్గుతాయి. 12 గంటలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంచి, తడిగుడ్డలో వదులుగా కట్టాలి. మన ఎండాకాలంలో 24 గంటలు చాలు, చలికాలంలో 36. మధ్యలో రెండు మూడుసార్లు నీళ్లు చిలకరించాలి. అడుగున నీళ్లు నిలిస్తే జిగురు పట్టి పుల్లటి వాసన వస్తుంది, ఆ గింజలు వాడొద్దు. మొలక కనపడగానే ఎండబెట్టి, దోరగా వేయించి, పట్టించాలి. ఈ పిండితో చేసిన జావ పలచగా ఉంటుంది, చిక్కబడాలని ఇంకా పిండి పోస్తూ పోకండి, మొలకెత్తినప్పుడు పిండి విరిగిపోవడం వల్ల అది అంతే.

రేషన్ బియ్యంలో కొన్ని గింజలు తేడాగా కనిపిస్తే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసే ఇళ్లు ఉన్నాయి. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి అచ్చువేసిన గింజలు, నూటికి ఒకటి చొప్పున కలిపినవి. కడిగేటప్పుడు తేలుతున్నాయని తీసెయ్యకండి, గంజి వార్చకండి. తలసీమియా లాంటి రక్తపు జబ్బులున్నవాళ్లు మాత్రం ఐరన్ చేర్చిన ఏ తిండినైనా డాక్టర్ని అడిగే తినాలి.

ఇక బి12. ఇది మొక్కల్లో ఉండదు. రోజుకు కావలసింది 2.2 మైక్రోగ్రాములు. గ్లాసు పాలలో దాదాపు ఒకటి, గుడ్డులో అర ఉంటాయి. మూడొంతులు నీళ్లు కలిపిన మజ్జిగ మీద ఆధారపడ్డ శాకాహారులకు అది చాలదు. మతిమరుపు, చిరాకు, దిగులు, అరికాళ్లలో తిమ్మిర్లు కలిసి వస్తే రక్తపరీక్ష చేయించండి. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోటు, 300 దాకా అనుమానం. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో, గ్యాస్ మాత్ర రోజూ పొద్దున్నే వేసుకునేవాళ్లలో, మాంసం తింటున్నా సరే, బి12 పడిపోతుంది. బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ మాత్ర ఒక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తూ నరాలు దెబ్బతింటూనే ఉండొచ్చు.

నీళ్ల సంగతి చిన్నదే కానీ మన ఎండల్లో వదిలెయ్యలేం. శరీర బరువులో ఒకటిన్నర శాతం కూడా తగ్గకముందే తలనొప్పి, ఏకాగ్రత తప్పడం, మనసు చికాకు పడటం ఒక పరిశోధనలో ఆడవాళ్లలో కనిపించాయి. 60 కిలోల మనిషికి ఒకటిన్నర శాతం అంటే 900 మిల్లీలీటర్లు. అంగళ్లలో, చేలల్లో, బస్టాండుల్లో మరుగుదొడ్డి ఉండదని పొద్దంతా నీళ్లు తాగకుండా ఉండే ఆడవాళ్లకు సాయంత్రం తలనొప్పి ఎందుకొస్తుందో ఇక చెప్పనక్కర్లేదు. అక్కడ మార్చాల్సింది వాళ్ల అలవాటు కాదు, మరుగుదొడ్డి కట్టించాలి. రాత్రి నిద్రకు అడ్డొచ్చేది సాయంత్రం టీ. కెఫీన్ సగం తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది, నాలుగు తర్వాత మానితే మంచిది. మద్యం తాగితే మత్తు వస్తుంది కానీ నిద్ర తెల్లవారుజామున చెదురుతుంది, మర్నాటి దిగులు అందులోంచే.

రెండు వారాలకు పైగా రోజంతా దిగులు, దేనిమీదా ఇష్టం లేకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే గుడ్డు, ఉలవలు చూసుకుంటూ కూర్చోవద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. వాడుతున్న మందుల్ని తిండి మార్చామని ఆపొద్దు. మనసు జబ్బుకు లిథియం మాత్రలు వాడేవాళ్లు ఎండాకాలంలో నీళ్లు తగ్గించినా, ఉప్పు ఒక్కసారిగా మానేసినా రక్తంలో మందు పెరిగి ప్రమాదం. థైరాయిడ్ మాత్రకూ ఐరన్ లేదా కాల్షియం మాత్రకూ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. రెండూ కలిపి మింగితే థైరాయిడ్ మాత్ర సరిగా పనిచెయ్యదు, నీరసం అలాగే ఉండొచ్చు.

ఫలితం ఎప్పటికి తెలుస్తుందన్నది కూడా తెలిసి ఉండాలి, లేకపోతే వారానికే వదిలేస్తారు. పొద్దున ప్రొటీన్ పెంచితే పదకొండు గంటల చిరాకు కొద్ది రోజుల్లోనే తగ్గొచ్చు. ఐరన్ మాత్రలు వేసుకుంటే హిమోగ్లోబిన్ మూడు, నాలుగు వారాలకు కదులుతుంది. మలం నల్లగా రావడం మామూలే, భయపడక్కర్లేదు. కడుపులో వికారంగా ఉంటే మానెయ్యకుండా, రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగండి. ఎక్కువమంది చేసే పొరపాటు, హిమోగ్లోబిన్ 12 దాటగానే మాత్రలు ఆపెయ్యడం. రక్తం నిండినా నిల్వలు అప్పటికి నిండవు. ఇంకో మూడు నెలలు వాడి, ఐరన్ నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయించి, డాక్టర్ చెప్పాకే ఆపాలి.